ఈ డ్రైవ్‌లో ఇంకో కంప్యూటర్ ఉంది

వెనక వాళ్ళకి వినిపిస్తోందా? సరే. మైకు కాస్త దూరంగానే పెట్టుకుంటాను, ఎందుకంటే ఇంకాసేపట్లో ఈ పెట్టె చేసే గోల మీకు వినిపించాలి.

ఈ బల్ల మీద రెండున్నాయి చూడండి. ఇదిగో, కీబోర్డులా ఉన్నది కమొడోర్ 64. కంప్యూటర్ మొత్తం అందులోనే. దీని పక్కన ఉన్న ఈ పొడుగాటి పెట్టె దాని ఫ్లాపీ డ్రైవ్, అంటే ప్రోగ్రాములు దాచుకునే పల్చటి డిస్కుల్ని, ఫ్లాపీల్ని, చదివే పెట్టె, పేరు 1541. ముందు వరసలో ఉన్న బాబు, నువ్వొచ్చి రెండూ ఎత్తి చూడు. ఏది బరువుగా ఉంది? డ్రైవే కదా. కంప్యూటర్‌కన్నా దానికి తగిలించే వస్తువు బరువెక్కువ. అప్పట్లో చాలా చోట్ల ధర కూడా దాదాపు అలాగే ఉండేది. 1982లో 64 అమ్మకానికి వచ్చినప్పుడు 595 డాలర్లు. తర్వాత ఏడాది ధరల యుద్ధంలో 200 డాలర్ల దాకా పడిపోయింది, డ్రైవ్ మాత్రం అంతగా దిగలేదు. దాంతో అమెరికాలో ఇళ్ళల్లో కంప్యూటర్ కొన్నాక డ్రైవ్ కోసం మళ్ళీ అంత డబ్బూ కూడబెట్టుకోవాల్సి వచ్చేది. యూరప్‌లో చాలామంది ఆ జోలికే పోకుండా టేపు రికార్డర్‌తోనే కాలక్షేపం చేశారు.

ఇంత బరువెందుకు, ఇంత ధరెందుకు అని నాకు చాలా రోజులు అర్థం కాలేదు. ఈ రోజు చెప్పబోయేది అదే.

నాకిది ఎలా దొరికిందో ముందు చెప్పేస్తాను. 1991లో నేను అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్నాను. ఒక ఆదివారం ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు పెట్టి అమ్ముతుంటే, 20 డాలర్లకి కంప్యూటరూ, డ్రైవూ, ఒక చెప్పుల పెట్టె నిండా ఫ్లాపీలూ కొన్నాను. అప్పటికే అందరూ పీసీల్లోకి వెళ్ళిపోయారు, దీన్ని ఎవరూ పట్టించుకోవట్లేదు. రెండేళ్ళ తర్వాత సంక్రాంతికి రాజమండ్రి వస్తూ సూట్‌కేసులో సగం ఇదే పెట్టుకొచ్చాను. కస్టమ్స్‌లో ఆయన అటూ ఇటూ తిప్పి చూసి బ్రెడ్డు కాల్చే మిషనా అని అడిగాడు. ముందు ఈ చీలిక ఉంది కదా, అందుకు.

ఇంటికొచ్చాక ఏం చేశానంటే, కంప్యూటర్ అడాప్టర్‌కి మాత్రం జాగ్రత్తగా స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను. డ్రైవ్‌ని తిన్నగా గోడ సాకెట్లో పెట్టేశాను! 120 వోల్టుల వస్తువుని 230కి. ఇంజనీరింగ్ చదివినవాణ్ణే. వంటింట్లోంచి మా అమ్మ, ఏరా ఏదో మాడుతోంది అంది. ఆవిడ పొయ్యి మీద ఏమీ లేదు. నా అదృష్టం, ఫ్యూజు పోయి ఆగింది, డ్రైవ్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ బతికింది. తప్పు పూర్తిగా నాదే, ఎవరినీ అనడానికి లేదు. ఆ ఫ్యూజు మార్చడానికే దీన్ని మొదటిసారి విప్పాను, విప్పితే లోపల ఇంత పెద్ద సర్క్యూట్ బోర్డు ఉంది. దాని మీద ఒక చిప్, పైన 6502 అని రాసి ఉంది.

6502 అంటే ఏంటో తెలియని వాళ్ళ కోసం చెప్తాను. అది ప్రాసెసర్. యాపిల్ టూలో ఉన్నది అదే. కమొడోర్ వాళ్ళదే వీఐసీ 20 అని అంతకుముందు వచ్చిన కంప్యూటర్, దాన్లో ఉన్నదీ అదే. 1984లో మన కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం పెట్టి బడులకి బీబీసీ మైక్రోలు ఇచ్చింది, ఇక్కడ యాభై దాటినవాళ్ళలో ఎవరికైనా గుర్తుండొచ్చు, వాటిలో ఉన్నదీ ఆ కుటుంబం చిప్పే. మరి ఫ్లాపీ డ్రైవ్‌లో దానికేం పని?

పనేంటంటే, ఈ డ్రైవే ఒక కంప్యూటర్. ఒక మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, పని చేసుకోవడానికి 2 కేబీ ర్యామ్ అనే మెమరీ, చెరిగిపోని 16 కేబీ రోమ్ చిప్‌ల్లో సొంత ఆపరేటింగ్ సిస్టమ్. లేనివల్లా కీబోర్డు, తెర. ఇంకో తమాషా, యూరప్‌లో అమ్మిన 64 వాళ్ళ టీవీ పద్ధతికి సరిపోవడానికి 0.985 మెగాహెర్ట్జ్‌కి నడిచేది. డ్రైవేమో నిండా ఒకటి. అంటే అక్కడ యజమాని కన్నా పనివాడు వేగం.

మిగతావాళ్ళు ఇలా చెయ్యలేదు. యాపిల్ టూ డ్రైవ్‌ని స్టీవ్ వోజ్నియాక్ 1977 క్రిస్మస్ సెలవుల్లో కూర్చుని తయారు చేశాడు, 1978 జనవరి ప్రదర్శనలో చూపించాలని. గుప్పెడు చిప్‌లతో ముగించాడు, ఎలాగంటే డిస్కు మీద బిట్లు ఏరుకునే పని మొత్తం కంప్యూటర్ ప్రాసెసర్ చేతే చేయించాడు. బీబీసీ మైక్రోలో డిస్కుని అదుపు చేసే చిప్ కంప్యూటర్లోనే ఉంటుంది, కింద నుంచి పట్టీలాంటి కేబుల్ వస్తుంది, డ్రైవ్ అంటే మోటారూ, డిస్కుని చదివే హెడ్డూ అంతే. కమొడోర్ వాళ్ళు మాత్రం తెలివంతా డ్రైవ్‌లో పెట్టారు. కంప్యూటర్ చేసేది ఏంటంటే, 8వ నంబరు అబ్బాయ్, ఫలానా ఫైలు పంపు అని అడగడం. మిగతాదంతా, ఫైలు ఎక్కడుంది, ఏ ట్రాక్, అంటే డిస్కు మీద ఏ వలయం, అందులో ఏ సెక్టర్, అంటే ఏ ముక్క, ఇవన్నీ డ్రైవే చూసుకుంటుంది. 8 అంటే దాని నంబరు. లోపల బోర్డు మీద జంపర్ అనే చిన్న అతుకు కోస్తే 9, 10, 11 అవుతుంది, అలా ఒకదాని తోక పట్టుకుని ఇంకోటి తగిలించుకుంటూ పోవచ్చు.

ఇప్పుడు మీరు అడగాలి. ఇంత తెలివైన డ్రైవ్ అయితే మరి అంత నత్త నడకేంటండీ, అని. ఎందుకంటే 1541 అంటే లోకంలో ఎవరికైనా మొదట గుర్తొచ్చేది దాని నిదానమే. సెకనుకి సుమారు 400 బైట్లు. 50 కేబీ ఆట లోడవ్వాలంటే రెండు నిమిషాల పైనే. స్నానానికి వెళ్ళొచ్చేవాళ్ళు.

ఆ తప్పు డిస్కుది కాదు, ముందు ఒక లెక్క చెప్తాను. డిస్కు నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 5. బయటి ట్రాక్‌లో 21 సెక్టర్లు, ఒక్కోటి 256 బైట్లు, మొత్తం 5,376 బైట్లు. సెకనులో అయిదో వంతులో అంత సమాచారం హెడ్ కిందనుంచి వెళ్ళిపోతుంది. దాన్నే తీగ మీద కంప్యూటర్‌కి పంపడానికి 13 సెకన్లు. నీళ్ళ ట్యాంకు నిండుగా ఉంది, కుళాయి చుక్కచుక్కగా వస్తోంది.

కుళాయి అలా ఎందుకైందో, అది వరసగా జరిగిన రాజీల కథ. కమొడోర్ పాత కంప్యూటర్ పెట్, దానికి ఐట్రిపులీ 488 అనే బస్, అంటే సమాచారం వెళ్ళే తీగల కట్ట, ఉండేది. ఒకేసారి ఎనిమిది బిట్లు వెళ్తాయి, బాగా పనిచేసేది. కానీ ఆ కేబుళ్ళు ఖరీదు, ఒక్కోసారి దొరికేవి కూడా కాదు. ఇంటి కంప్యూటర్‌కి అంత ఖరీదైన తీగలేంటని కంపెనీ అధిపతి జాక్ ట్రమీల్ దాన్ని వదిలించుకోమన్నాడు. సరేనని వీఐసీ 20కి ఒక్కొక్క బిట్టూ పంపే సీరియల్ తీగ పెట్టారు. ఒక్కో బిట్టయినా ఫరవాలేదు, ఎందుకంటే 6522 అనే చిప్‌లో షిఫ్ట్ రిజిస్టర్ ఉంది, బైటు ఇస్తే అదే వేగంగా ఎనిమిది బిట్లూ తోసేస్తుంది అనుకున్నారు. తీరా చూస్తే ఆ షిఫ్ట్ రిజిస్టర్‌లో లోపం, నమ్మడానికి వీల్లేదని తేలింది. ఆ చిప్ ఎవరిదో కాదు, వాళ్ళ సొంత ఫ్యాక్టరీదే. ఇంక టైము లేదు, పనంతా సాఫ్ట్‌వేర్‌తో చేయించారు. అంటే రెండు వైపులా రెండు ప్రాసెసర్లు, ఇదిగో బిట్టు, తీసుకున్నావా, తీసుకున్నాను, ఇంకోటివ్వు, ఇదిగో, అనుకుంటూ కూర్చుంటాయి.

అది మొదటి దెబ్బ. రెండోది 64తో వచ్చింది. దీని బొమ్మల చిప్ ఉంది కదా, అది తెర మీద అక్షరాల వరస మొదలుపెట్టినప్పుడల్లా, అంటే ప్రతి ఎనిమిది గీతలకి ఒకసారి, ప్రాసెసర్ని 40 మైక్రోసెకన్ల పైనే పక్కకి నెట్టేసి మెమరీని తనే వాడుకుంటుంది. ఆ కాస్త సేపట్లో డ్రైవ్ బిట్టు పంపితే పట్టుకునేవాడు లేడు. వీఐసీ 20 కోసం చేసిన 1540 డ్రైవ్ ఈ 64కి సరిపడకపోవడానికి అదే కారణం. ఏం చేశారు? డ్రైవ్‌ని ఇంకా నెమ్మది చేశారు. 1541 అంటే నెమ్మది చేసిన 1540, అంతే తేడా. నాకు అన్నిటికన్నా కడుపు మండేది ఏంటంటే, 64లో వాడిన కొత్త 6526 చిప్‌లో షిఫ్ట్ రిజిస్టర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది! అయినా పాతవాటితో పొత్తు కుదరాలని పాత పద్ధతే ఉంచేశారు. 1985లో 128 మోడల్, 1571 డ్రైవ్ వచ్చాకగానీ ఆ తీగ మీద అసలైన వేగం చూడలేకపోయాం.

అయితే ఇక్కడే కథ తిరిగింది. డ్రైవ్‌లో కంప్యూటర్ ఉంది కదా, దానికి ర్యామ్ ఉంది కదా. ఆ ర్యామ్‌లోకి మనం రాసిన ప్రోగ్రామ్ పంపి, ఇంక నీ పాత పద్ధతి ఆపి ఇది నడుపు అనొచ్చు. అందుకు ఆదేశాలు డ్రైవ్ మాన్యువల్‌లోనే ఉన్నాయి, మెమరీ రైట్, మెమరీ ఎగ్జిక్యూట్ అని. అది గమనించిన కుర్రాళ్ళు ఊరుకుంటారా? కంప్యూటర్‌లో ఒక ముక్క, డ్రైవ్‌లో ఒక ముక్క పెట్టారు. బిట్టు ఎప్పుడు చదవాలో చెప్పే క్లాకు తీగనీ, బిట్టు వెళ్ళే డేటా తీగనీ రెండిట్నీ సమాచారానికే వాడి ఒక్కసారికి రెండు బిట్లు పంపారు. లోడయ్యేంతసేపూ తెర ఆపేశారు, తెర ఆగితే బొమ్మల చిప్ ప్రాసెసర్ని ఆపదు. 1984లో వచ్చిన ఎపిక్స్ ఫాస్ట్ లోడ్ క్యాట్రిడ్జ్ ఇలాంటిదే, ఇలా వెనక గుచ్చితే అయిదు రెట్లు వేగం. తర్వాత జిఫీడాస్ అని రెండు వైపులా చిప్పులే మార్చేసేది వచ్చింది, ఇంకా వేగం. యాపిల్ డ్రైవ్‌తోనో బీబీసీ డ్రైవ్‌తోనో ఈ అవసరమూ లేదు, డ్రైవ్ లోపలికి దూరే అవకాశమూ లేదు. కంపెనీ చేసిన తప్పుని కొన్నవాళ్ళు స్క్రూడ్రైవర్ కూడా పట్టకుండా బాగుచేసుకున్నారంటే, దానికి కారణం ఆ ఖరీదైన 6502 ఇందులో ఉండటమే.

ఇంకా చిత్రాలున్నాయి. ఫాస్ట్ హ్యాకెమ్ అని కాపీలు తీసే ప్రోగ్రామ్ ఒకటుండేది. రెండు డ్రైవ్‌లు తగిలించి, దాన్ని రెండిట్లోకీ పంపేసి, కంప్యూటర్ తీగ పీకేసినా రెండు డ్రైవ్‌లూ వాటంతట అవే డిస్కులు కాపీ చేసుకునేవి. ఒకదాంట్లో అసలుది, ఒకదాంట్లో ఖాళీది పెడుతూ ఉండటమే మన పని. దొంగ కాపీలకే అనుకోండి, నేను సమర్థించట్లేదు. 2021లో ఇంకొకాయన ఏం చేశాడంటే, డ్రైవ్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించాక 64ని తీసి పక్కన పెట్టేశాడు. డ్రైవ్ సీరియల్ తీగనే వీడియో తీగగా మార్చి మానిటర్‌కి తగిలించాడు. ఆ రెండు కేబీ ర్యామ్ ఉన్న డ్రైవ్ తెర మీద బొమ్మలు ఆడించింది, హెడ్ మోటారుతో పాట కూడా పాడింది. వీడియో చూసి నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

పాట అన్నాను కాబట్టి ఆ గోల వినిపిస్తాను. పాడైన డిస్కు ఒకటి పెడుతున్నా, ఆగండి...

[డ్రైవ్ చప్పుడు]

విన్నారా? రోలులో గులకరాళ్ళు వేసి దంచినట్టు. కారణం, ఈ డ్రైవ్‌కి సున్నా ట్రాక్ ఎక్కడుందో చూసే సెన్సర్ లేదు, డబ్బులు మిగలాలిగా. హెడ్ ఎక్కడుందో తెలియకపోతే, 45 ట్రాకుల దూరం వెనక్కి పో అంటుంది. ఉన్నవే 35 ట్రాకులు. కాబట్టి అది వెళ్ళి గోడకి తలబాదుకుంటూనే ఉంటుంది, అయ్యాక, హమ్మయ్య, ఇప్పుడు మొదట్లో ఉన్నానన్నమాట అనుకుంటుంది. ఎప్పుడో ఒకసారైతే ఏం కాదు. కానీ ఆటల కంపెనీలు కాపీలు ఆపడానికి కావాలని పాడైన సెక్టర్లు డిస్కు మీద పెట్టేవి. అసలు డిస్కా కాదా అని ప్రోగ్రామ్ ఆ సెక్టర్ చదివించి చూస్తుంది, తప్పొస్తే అసలుది. తప్పొచ్చిన ప్రతిసారీ ఈ తలబాదుడు. డబ్బు పెట్టి కొనుక్కున్నవాడి డ్రైవ్ కొన్నాళ్ళకి మోటారు షాఫ్టు మీద పుల్లీ జారి, హెడ్ వరస తప్పి, తన డిస్కులే తను చదవలేని స్థితికొచ్చేది. కాపీ కొట్టినవాడు ఆ రక్షణ ముందే తీసేశాడు కాబట్టి వాడి డ్రైవ్ హాయిగా ఉండేది. న్యాయం చూడండి.

దానికి తోడు వేడి. ట్రాన్స్‌ఫార్మర్ లోపలే ఉంది కదా, చెయ్యి పెట్టి చూడండి, ఇప్పటికే కాలుతోంది. చిన్న ఫ్యాన్లు పెట్టుకునేవాళ్ళు పైన. తర్వాత వచ్చిన 1541-టూలో అది బయటికి తీసేశారు, బాగుపడింది.

డిస్కు విషయం ఒక్కటి చెప్పి ప్రశ్నలకి వస్తాను, ఇది నాకిష్టమైన భాగం. గుడి ప్రాకారాలు గుర్తు తెచ్చుకోండి. బయటి ప్రాకారం చుట్టూ కొబ్బరికాయల దుకాణాలు ఎక్కువ పడతాయి, లోపలి దాని చుట్టూ తక్కువ. ఫ్లాపీలోనూ బయటి ట్రాక్ పొడుగు, లోపలిది పొట్టి. చాలా డ్రైవ్‌లు ఆ తేడా పట్టించుకోకుండా అన్నిట్లోనూ ఒకే సంఖ్యలో సెక్టర్లు పెట్టాయి. ఇది అలా కాదు, బయటి 17 ట్రాకుల్లో 21 చొప్పున, తర్వాత 19, 18, ఆఖరి అయిదింట్లో 17. మొత్తం 683. మధ్యలో ఉన్న 18వ ట్రాక్ మొత్తం విషయసూచికకి పోతే 664 మిగులుతాయి, అందుకే ఖాళీ డిస్కు పెట్టి జాబితా అడిగితే 664 బ్లాకులు ఖాళీ అంటుంది. విషయసూచిక మధ్యలో పెట్టడం కూడా తెలివైన పనే, హెడ్ ఎక్కడున్నా అక్కడికి సగం దూరమే. ఒకే పక్క చదువుతుంది కాబట్టి జనం డిస్కు అంచుకి కత్తెరతో ఇంకో గాటు పెట్టి తిరగేసి రెండో పక్కా వాడేవాళ్ళు. నా చెప్పుల పెట్టెలో డిస్కులన్నిటికీ ఆ గాట్లున్నాయి, కొన్ని మరీ వంకరగా, పిల్లల చేతి పని.

అడగండి.

అవునండీ, ఇవాళ కొనాలంటే కష్టమే. అసలు డ్రైవ్ లేకుండానే పని జరుపుకోవచ్చు. ఎస్‌డీ కార్డు పెట్టుకునే చిన్న బోర్డు వస్తుంది, ఎస్‌డీటూఐఈసీ అంటారు, చవక. మామూలు లోడింగ్‌కి బానే ఉంటుంది. కానీ చాలా ఆటలు దాంతో మొరాయిస్తాయి, ఎందుకంటే అవి డ్రైవ్‌లోకి తమ సొంత ప్రోగ్రామ్ పంపుతాయి, దాన్ని నడపడానికి అక్కడ 6502 లేదు. అవి కూడా నడవాలంటే పై1541 అనేది ఉంది, రాస్ప్‌బెర్రీ పై మీద నడుస్తుంది, ఆ ప్రాసెసర్ వేసే ప్రతి అడుగునీ అచ్చంగా అనుకరిస్తుంది. ఒక ఫ్లాపీ డ్రైవ్‌లా నటించడానికి ఇంకో పూర్తి కంప్యూటర్ కావాల్సొచ్చింది.

బూజా? మంచి ప్రశ్న, అమ్మా. మన గోదావరి పక్క ఊళ్ళల్లో అదే పెద్ద సమస్య. నావి పదేళ్ళు అటక మీద ఉన్నాయి, తీస్తే సగం డిస్కుల మీద తెల్లటి మచ్చలు. అలాంటిది తిన్నగా డ్రైవ్‌లో పెట్టొద్దు, హెడ్డు దాన్ని గీకేస్తుంది, పైపూత లేచిపోతుంది, ఆ మట్టి హెడ్డుకంటుకుని తర్వాత పెట్టే మంచి డిస్కు కూడా పోతుంది. పై కవరు అంచు జాగ్రత్తగా కోసి, లోపలి పల్చటి బిళ్ళని బయటికి తీసి, గోరువెచ్చని నీళ్ళల్లో రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసి మెత్తగా కడిగి, నీడలో ఆరబెట్టి, పనికిరాని వేరే డిస్కు కవర్లో పెట్టి చదవాలి. ఒక్కసారి చదవగలిగితే చాలు, వెంటనే పీసీలోకి తీసేసుకోవడమే. జూమ్‌ఫ్లాపీ అని యూఎస్‌బీకి తగిలించేది ఉంది, దాంతో ఈ 1541నే పీసీకి కలపొచ్చు. ఒక డిస్కు మొత్తం 1,74,848 బైట్ల ఫైలు అవుతుంది. ఇప్పుడు మీరు ఫోన్లో తీసిన ఒక ఫొటోలో అలాంటివి పదో పదిహేనో పడతాయి. హెడ్డుని మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ముంచిన ఇయర్‌బడ్‌తో తుడుస్తూ ఉండాలి, నీళ్ళు కలిసింది కాకుండా మంచిది కొనండి.

విప్పొచ్చా అంటున్నాడు బాబు. విప్పొచ్చు, కానీ మా అమ్మ మాట గుర్తుపెట్టుకో. వెనక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 230 కాకపోయినా 120 వోల్టులుంటాయి, ప్లగ్గు పీకాకే చెయ్యి పెట్టాలి. నాలుగు స్క్రూలు కింద ఉంటాయి. లోపల డిస్కుని తిప్పే చక్రం మీద నల్ల చారలు కనిపిస్తాయి, ఒక వరస 60 హెర్ట్జ్‌ది, ఒకటి 50ది. మన ట్యూబ్‌లైటు కింద డ్రైవ్ తిప్పి చూస్తే, 50 హెర్ట్జ్ చారలు కదలకుండా నిలబడినట్టు కనపడితే వేగం సరిగ్గా 300 ఉన్నట్టు. పాత చోకు ట్యూబ్‌లైటు అయితేనే, ఎల్‌ఈడీ కింద ఏమీ తెలియదు. అందుకని నా గదిలో ఒక్క పాత ట్యూబ్‌లైటు ఇప్పటికీ మార్చనివ్వలేదు, ఇంట్లో దాని మీద రోజూ గొడవే.

సరే, ఒక ఆట లోడ్ చేద్దాం. క్యాట్రిడ్జ్ లేకుండా, అసలు వేగంతోనే చూడండి. లోడ్, కొటేషన్లలో నక్షత్రం, కామా 8, కామా 1, రిటర్న్. ఎర్ర లైటు వెలిగింది. రెండున్నర నిమిషాలు పడుతుంది, ఈలోగా అక్కడ బల్ల దగ్గర టీ ఉంది, తాగి రండి. ఎవరూ తీగ తన్నకండి, మళ్ళీ మొదటి నుంచి రావాలి.